సవరణ: వాంకూవర్ 2010, లైసాచెక్ స్వర్ణం

2010 వాంకూవర్ ఒలింపిక్స్ పురుషుల ఫిగర్ స్కేటింగ్ ఫ్రీ స్కేట్‌లో (రెండో, చివరి రౌండ్) అమెరికా స్కేటర్ ఇవాన్ లైసాచెక్, రష్యా స్కేటర్ ఎవ్గెనీ ప్లుషెంకోను కళాత్మక మార్కులతోనే దాటాడని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు.

పోటీ అధికారిక స్కోరు పత్రాల ప్రకారం ఆ రోజు ప్రోగ్రామ్ కాంపొనెంట్స్‌లో, అంటే కళాత్మక మార్కుల్లో, ఇద్దరికీ వచ్చింది సరిగ్గా 82.80. తేడా సాంకేతిక మార్కుల్లోనే వచ్చింది. ప్లుషెంకో నాలుగు చుట్ల జంప్ చేశాడు, లైసాచెక్ అసలు చేయలేదు. అయినా లైసాచెక్ ఎక్కువ జంప్‌లను ప్రోగ్రామ్ రెండో సగంలో పెట్టుకున్నాడు. అప్పటి నియమం ప్రకారం ఆ సగంలో చేసిన జంప్‌కు మూల విలువ మీద 10 శాతం అదనం. జంప్‌లు దిగిన తీరు కూడా అతనిదే శుభ్రంగా ఉంది. చివరికి రెండు రౌండ్ల మొత్తం మీద తేడా 1.31 పాయింట్లు.

కళను కొలవడంలో జడ్జీల అభిరుచి పనిచేస్తుందన్న నా మాటను మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. ఆ 82.80 లోపలికి వెళ్లి చూడండి. స్కేటింగ్ నైపుణ్యంలో ప్లుషెంకోకు ఎక్కువ, జంప్‌కీ జంప్‌కీ మధ్య అల్లికలో లైసాచెక్‌కు ఎక్కువ. ఒకరి పట్టు, ఇంకొకరి అల్లిక చివరికి ఒకే అంకె ఎలా అయ్యాయన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పాత పోస్టులో కళాత్మక మార్కులతోనే దాటాడన్న వాక్యం మార్చాను.