కూకట్‌పల్లి అపార్ట్‌మెంటూ, మూడు దీవులూ

మొన్న ఆగస్టు 15 సాయంత్రం మన తెలుగు సంఘం వేడుకకు హాల్లో ఉన్నవాళ్లకు నేను దేని గురించి రాస్తున్నానో టైటిల్ చూడగానే తెలిసిపోయి ఉంటుంది. ఆ పూట రానివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. జ్యోతి ప్రజ్వలన అయింది, జనగణమన అయింది, స్పాన్సర్ల సత్కారం అయింది. అప్పుడు మన యాంకర్ తమ్ముడు మైకు పట్టుకుని, పసిఫిక్‌లోని టోకెలావు దీవులవాళ్ల బృందాన్ని వేదిక మీదకు పిలుస్తూ తెలుగులో ఇలా అన్నాడు: "ఈ దేశం జనాభా పదిహేను వందలట అండీ! మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ల ఫ్యామిలీలతో కలిపి లెక్కేస్తే ఇంతకన్నా ఎక్కువే ఉంటాం. మాక్కూడా ఓ జెండా ఇప్పించండి!"

హాలంతా నవ్వింది. దాచుకోవడం ఎందుకు, నేనూ నవ్వాను. ఆ అబ్బాయి నిజంగానే సరదాగా మాట్లాడతాడు. వేదిక మీద నిలబడ్డ పదకొండుమందీ కూడా నవ్వారు, అందరూ నవ్వుతున్నారు కదా అని. ముందు వరసలో ఉన్న నా స్నేహితురాలైతే అతని వైపు తిరిగి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని "ఫకఫెటై" అంది. వాళ్ల భాషలో థాంక్స్ అని.

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

వాళ్లను పిలిచింది నేనే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. నేనూ, ఆ స్నేహితురాలూ ఇక్కడ న్యూజిలాండ్‌లో, హట్ వ్యాలీలోని ఒక వృద్ధుల హోమ్‌లో పనిచేస్తాం. నేను వంటింట్లో, ఆమె పెద్దవాళ్లకు స్నానాలు చేయించే డ్యూటీలో. పదేళ్లుగా ఒకే టేబుల్ దగ్గర టీ తాగుతున్నాం. నా పులిహోర ఆమె తింటుంది, ఆమె కొబ్బరిపాలతో చేసే చేప నేను తింటాను. ఆగస్టు 15 అంటే ఏమిటని అడిగితే, తెల్లవాళ్లు వెళ్లిపోయిన రోజని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మేం వచ్చి పాడతాం" అంది. మూడు శుక్రవారాలు డ్యూటీలయ్యాక చర్చి హాల్లో ప్రాక్టీసు చేశారు. కమిటీ పన్నెండు నిమిషాలు ఇస్తామంది.

వాళ్లు ఆడింది ఫాతెలే అనే ఆటపాట. చెక్కపెట్టె మీద దరువు. ఒకే పాట మళ్లీ మళ్లీ పాడతారు, ప్రతి చుట్టుకీ వేగం పెంచుతూ. మొదటి చుట్టు నెమ్మదిగా, కూర్చున్నచోటే చేతులు కదుపుతున్నట్టు ఉంటుంది. చివరికొచ్చేసరికి నేల అదురుతుంది. మన కోలాటం తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మనం రెండో చుట్టు దగ్గర ఆపేశాం. ముఖ్య అతిథిగారికి ఇంకో కార్యక్రమం ఉందట, అప్పటికే గంట ఆలస్యమైందట, భోజనాలు చల్లారిపోతున్నాయట. ఆలస్యం చేసింది వాళ్లు కాదు. శాలువాలు. శాలువాల మీద నాకు కోపమేమీ లేదు, మీరు కప్పినవి రెండు నా బీరువాలో ఉన్నాయి, చలికాలం వాడుతున్నాను కూడా. అయినా పదహారుమంది స్పాన్సర్లకు పదహారు శాలువాలు కప్పి, పదహారు ఫొటోలు తీసుకుని, కోతపెట్టడానికి మనకు ఆ పన్నెండు నిమిషాలే దొరికాయి.

కారు పార్కింగ్‌లో ఆమె అడిగింది, "ఆ అబ్బాయి మా గురించి ఏమన్నాడు?" అని.

"మీ దీవులు చాలా అందంగా ఉంటాయన్నాడు" అన్నాను.

ఇప్పుడు ఆ పదిహేను వందలమంది సంగతి. మనం ఉంటున్న న్యూజిలాండ్ చేతిలో ఒక వలస భూభాగం ఉందని మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే ఇక్కడికొచ్చిన ఆరేళ్ల దాకా తెలియదు. అదే టోకెలావు. అటాఫు, నుకునోను, ఫకావోఫో అని మూడు పగడపు దీవులు. మొత్తం నేల 12 చదరపు కిలోమీటర్లు అటూ ఇటూగా. ఎత్తు ఎక్కడ చూసినా సముద్రం మీద మూడు నుంచి ఐదు మీటర్లు. విమానాశ్రయం లేదు. సమోవాలోని ఆపియా నుంచి ఓడ ఎక్కితే ఒక రోజు పైనే పడుతుంది. బ్రిటన్ తన గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల కాలనీతో పాటు ఈ మూడింటినీ కొన్నాళ్లు ఏలి, 1926లో న్యూజిలాండ్ చేతిలో పెట్టింది. ఇల్లు మారేటప్పుడు పాత కుర్చీలు పక్కింటివాళ్లకు ఇచ్చిపోయినట్టు. 2026కి నూరేళ్లు. అంతకుముందు, 1863లో పెరూ నుంచి వచ్చిన బానిసల ఓడలు ఈ దీవుల నుంచి దాదాపు 250 మందిని ఎత్తుకుపోయాయి. అంటే ఉన్న జనంలో సగం దాకా. ఇంత చిన్న జనాభాను చూసి నవ్వేముందు, అది ఎందుకు చిన్నదయిందో తెలుసుకోవాలి కదా.

ఐక్యరాజ్యసమితి దగ్గర స్వయంపాలన లేని భూభాగాల జాబితా ఇప్పటికీ ఒకటుంది. అందులో 17 పేర్లున్నాయి. టోకెలావు అందులో ఒకటి. యాభైమంది కూడా లేని పిట్‌కెయిర్న్ ఒకటి. 1960 డిసెంబరు 14న సమితి చేసిన 1514వ తీర్మానం, చదువు చాలదనో డబ్బు చాలదనో సాకు చెప్పి స్వాతంత్ర్యం ఆలస్యం చేయకూడదని తేల్చింది. మర్నాడే చేసిన 1541 మూడు దారులు చూపించింది. పూర్తిగా విడిపోవచ్చు, పూర్తిగా కలిసిపోవచ్చు, లేదా ఫ్రీ అసోసియేషన్. ఈ మూడోది మన ఉమ్మడి కుటుంబాల్లో పొయ్యి వేరు, ప్రహరీ ఒకటి అన్నట్టుంటుంది. 1965లో కుక్ దీవులూ, 1974లో నియూ న్యూజిలాండ్‌తో ఆ పద్ధతిలోనే ఉండిపోయాయి. ఎంతమంది ఉంటే దేశం అవుతుందన్న లెక్క మాత్రం ఆ తీర్మానాల్లో ఎక్కడా లేదు. కూకట్‌పల్లి లెక్క మనది.

నాకు ఇది ఇంతగా ఎందుకు గుచ్చుకుందంటే, నాది యానాం.

మాది 30 చదరపు కిలోమీటర్ల ఊరు. 1947 ఆగస్టు 15న కాకినాడలో జెండా ఎగిరినప్పుడు మా ఊళ్లో ఎగరలేదు. మాది అప్పటికి ఫ్రెంచి యానాం. మా మామ్మకు పెళ్లయింది కూడా ఆ ఫ్రెంచి యానాం పుణ్యమే. బ్రిటిష్ వైపు శారదా చట్టం వచ్చాక, చిన్నపిల్లల పెళ్లిళ్లు చేయాలనుకున్నవాళ్లంతా బళ్లు కట్టుకుని యానాం వచ్చి తాళి కట్టించుకునేవారు. అలా తొమ్మిదేళ్ల వయసులో మా ఊరొచ్చి, పెళ్లి చేసుకుని, ఆ ఊరికే కోడలైపోయింది. చిన్న ఊరికి వేరే చట్టం ఉంటే మంచే జరుగుతుందని నేను అననని మీకు అర్థమయ్యే ఉంటుంది.

1954 జూన్ 13న, ఇండియాలో కలవాలని పోరాడుతున్న దడాల రఫేల్ రమణయ్య మనుషులతో ఊళ్లోకి వచ్చారు, ఫ్రెంచివాళ్ల జెండా దిగింది. ఆ నవంబరు 1న అధికారం ఇండియా చేతికి వచ్చింది. దానికి రెండు వారాల ముందు పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రతినిధులు ఓటేశారు, 178 మందిలో 170 మంది కలుద్దామన్నారు. ఫ్రెంచివాళ్ల చేతిలోని ఐదు చోట్లలో జనం చేత ఓటు వేయించింది ఒక్క చందర్‌నగర్‌లోనే, 1949లో. మా మామ్మను ఎవరూ అడగలేదు. మా తాతయ్యనూ అడగలేదు. అడిగి ఉంటే ఇద్దరూ ఇండియాకే వేసేవారు, అందులో నాకు అనుమానం లేదు. అయినా అడగలేదు. ముసలితనంలో కూడా మామ్మ ఆ మాట అనేది, "మనల్ని ఎవడడిగాడే" అని, ఏదో పెళ్లికి పిలుపు రానట్టు.

తాతయ్యను మాత్రం ఒకసారి అడిగారు. ఈ ఊళ్లను ఇండియాకు అప్పగిస్తూ ఫ్రాన్స్ చేసుకున్న ఒప్పందం 1962 ఆగస్టు 16న చట్టప్రకారం అమల్లోకి వచ్చాక, అక్కడ పుట్టినవాళ్లు కావాలంటే ఆరు నెలల్లోపల కాగితం పెట్టుకుని ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చన్నారు. తాతయ్య ఆ ఆరు నెలలూ అరుగు మీద కూర్చుని ఆలోచించాడట. మామ్మ రోజూ మజ్జిగ గ్లాసు ఇస్తూ "ఏం తేల్చారు" అని అడిగేదట. ఆయన తేల్చేలోపల గడువు అయిపోయింది. అలా మేం భారతీయులమయ్యాం. కాగితం పెట్టిన ఎదురింటివాళ్ల మనవలు పారిస్‌లో ఉన్నారు. నేను హట్ వ్యాలీలో ఉల్లిపాయలు తరుగుతున్నాను.

అదే ఒప్పందంలో ఇంకో మాటుంది. ఈ ప్రాంతాల ప్రత్యేక పాలన పద్ధతిని మార్చాలంటే అక్కడి ప్రజల అభీష్టం తెలుసుకున్నాకే మార్చాలని. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా యానాం ఈనాటికీ పుదుచ్చేరిలో ఉందంటే ఆ మాట వల్లే. మీలో గోదావరి జిల్లాలవాళ్లు యానాం అనగానే పెట్రోలు రేటో, ఇంకోటో గుర్తుచేసుకుని నవ్వుతారని తెలుసు. నవ్వండి. మా బావలు ఎదుర్లంక వంతెన దాటి వచ్చి ట్యాంకు నింపుకుని వెళుతూ, "ఇంత ఊరికి ఎమ్మెల్యే ఒకడు మళ్లీ" అని వెక్కిరించేవారు. ఆ వెక్కిరింత నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందుకే మొన్న హాల్లో దాన్ని గుర్తుపట్టాను, కాస్త ఆలస్యంగా.

టోకెలావువాళ్లను మాత్రం అడిగారు. రెండుసార్లు. 2006 ఫిబ్రవరిలో, న్యూజిలాండ్‌తో ఫ్రీ అసోసియేషన్‌లో స్వయంపాలన కావాలా అని అడిగితే, 581 ఓట్లలో 349 కావాలన్నాయి. అరవై శాతం. అయితే మూడింట రెండొంతులు రావాలని ముందే అనుకున్నారు కాబట్టి చాలలేదు. 2007 అక్టోబరులో మళ్లీ. ఈసారి 446 మంది కావాలన్నారు. పదహారు ఓట్లు తక్కువయ్యాయి. పదహారు! మన శాలువాలన్ని.

దీన్ని బట్టి, వాళ్లకే అక్కర్లేనప్పుడు నీకెందుకమ్మా అనొచ్చు ఎవరైనా. ఆ మాటలో న్యాయముంది. న్యూజిలాండ్ పాస్‌పోర్టు ఉంది, బడ్జెట్‌లో చాలా భాగం వెల్లింగ్టన్ ఇస్తుంది, పెద్ద జబ్బు చేస్తే ఓడలో బయటికి తీసుకుపోవాలి, సముద్రం ఏటేటా ఇంకాస్త పైకి వస్తోంది. ఇలాంటప్పుడు "ఇక మీరు మీ కాళ్ల మీద నిలబడండి" అంటే అది హక్కు ఇచ్చినట్టో, చేతులు దులుపుకున్నట్టో తెలియక భయపడేవాళ్లు ఉంటారు. వద్దన్నవాళ్లను పిరికివాళ్లని నేను అనలేను. మా తాతయ్య ఆరు నెలల అరుగు నాకు గుర్తుంది.

అయితే వాళ్లకు చేతకాదనడం వేరే సంగతి. ప్రతి దీవికీ తౌపులేగా అని పెద్దల మండలి ఉంది. ప్రభుత్వాధినేత పదవిని మూడు దీవులూ ఏడాదికొకరు చొప్పున వంతులవారీగా పంచుకుంటాయి. మన సంఘం ప్రెసిడెంటు పదవికి ఈ పద్ధతి పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేపలవేట పెద్దగా పడిన రోజు ఇనాతి అని పంపకం చేస్తారు. పట్టినవాడికీ, పట్టలేనివాడికీ, మంచాన ఉన్న ముసలమ్మకూ వాటా వెళుతుంది. 2012లో డీజిల్ వదిలేసి దాదాపు మొత్తం కరెంటు సూర్యరశ్మితోనే తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. ఇంకేం చేస్తే చేతనైనట్టు?

మనవాళ్లకు బాగా తగిలే సంగతి ఇంకోటుంది. టోకెలావువాళ్లలో ఎక్కువమంది ఉండేది దీవుల్లో కాదు, ఇక్కడ, న్యూజిలాండ్‌లో. ఆ రెండు ఓట్లలోనూ ఇక్కడున్నవాళ్లకు ఓటు లేదు. అన్యాయం కాదా అని నా స్నేహితురాలిని అడిగాను. ఆమె టీ కప్పు కడుగుతూ చెప్పింది: "మా అన్నయ్యకు కోపం వచ్చింది. నాకు రాలేదు. ఓడ రాని వారం పిండి అయిపోతే ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. మర్చిపోయినదాన్ని ఓటెలా వేస్తాను?" నేను మన వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చి తల దించుకున్నాను. రాష్ట్రం విడిపోవాలా వద్దా, రాజధాని ఎక్కడుండాలి, ఎవరి నీళ్లు ఎవరికి... అన్నీ ఇక్కడి హీటరు పక్కన కూర్చుని మనమే తేల్చేస్తాం.

తేల్చడం మనకు కొత్తా? మన సంఘం సంగతి చూడండి. అందరం కలిపి 140 కుటుంబాలున్న రోజుల్లోనే, ఉగాది హాలు అడ్వాన్సు ఎవరు కట్టారన్న దగ్గర మాట పెరిగి రెండు సంఘాలయ్యాం. వేరే కమిటీ, వేరే లోగో, వేరే బ్యాంకు అకౌంటు, వేరే పంచాంగ శ్రవణం. అప్పుడు మనల్ని "మీరెంతమంది, మీకో సంఘమేమిటి" అని ఎవరైనా అడిగారా? నేనైతే విడిపోయినవాళ్లతో వెళ్లినదాన్నే. మా మాట మేం చెప్పుకునే చోటు కావాలనిపించింది. అదే సంగతి పసిఫిక్ మధ్యలో చెబితే మనకు జోకయిపోయింది.

కమిటీకి ఒక మనవి. యాంకర్ తమ్ముడిని ఎవరూ ఏమీ అనొద్దు. వాడు మర్నాడే ఫోన్ చేసి "అక్కా, నోరు జారాను" అన్నాడు. జారింది వాడి ఒక్కడి నోరే కాదు, పళ్లు బయటపెట్టింది మూడొందలమందిమి. వచ్చే ఏడు టోకెలావు భాషా వారోత్సవాల్లో వాళ్ల హాలుకు మనం వెళదాం. శాలువాలు వద్దు, కెమెరా వద్దు. కోలాటం కర్రలు పట్టుకెళితే చాలు. వాళ్లు మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా ఆడతారు, మనం కూర్చుని చూద్దాం. వేదిక ఎక్కమంటే ఎక్కుదాం, ఎంతసేపో వాళ్లే చెబుతారు.

ఈ సంచిక ప్రింటయి రాగానే ఒక కాపీ ఆమెకు ఇస్తానని మాటిచ్చాను. ఆమె పేరు రాయలేదు కాబట్టి, నా గురించి ఏం రాశావని వేలుపెట్టి ఒక్కో పేరా అడుగుతుంది. తెలుగు రాదు, నేనే చదివి ఇంగ్లీషులో చెప్పాలి. మొదటి పేరా నుంచే మొదలుపెట్టాలి.