ముదిరిన బీరకాయకు సలహాదారు పదవి ఇవ్వాలి

మన దగ్గర వయసుకు గౌరవం ఉందని ఎవరైనా అంటే వాళ్లను వెంటనే రైతుబజారుకు తీసుకెళ్లాలి. అక్కడ బీరకాయకు గోరు గుచ్చి చూస్తారు. దిగితే సంచిలోకి, లేకపోతే మళ్లీ కుప్పలోకి. కొందరు అమ్మేవాడు అటు తిరగ్గానే కొన విరిచి, చేదేమోనని నాలుక్కి తగిలిస్తారు. ఇంత కఠినమైన ఇంటర్వ్యూ సర్కారు ఉద్యోగానికి కూడా లేదు.

లేతగా ఉన్నన్నాళ్లూ రాజమర్యాదే. కండ పాలు పోసిన కూరకి, పొట్టు పచ్చడికి. కార్తీకంలో నేతిబీర పచ్చడి తింటే పుణ్యం కూడానట. ముదిరిందా, పెంటకుప్పే గతి.

మరి ముదిరిన నాయకుణ్ణి ఇలాగే పారేస్తున్నామా? ఎన్నికల్లో ఓడితే కార్పొరేషన్ ఛైర్మన్, రిటైరైతే సలహాదారు, పైగా కారు, క్వార్టరు. ఆయన సలహాల్లో సరుకు నేతిబీరలో నెయ్యంత. అయినా ఎవరూ గోరు గుచ్చి చూడరు. అదే న్యాయం బీరకాయకూ వర్తించాలని డిమాండ్ చేస్తున్నాను.

అర్హతలకేం తక్కువ లేదు. నేతిబీరను తీగ మీదే ఎండనివ్వండి. పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరుగుతుంది, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, ఊపితే గింజలు గలగలమంటాయి. కొన విరిచి గింజలు దులిపి, కాసేపు నీళ్లలో నానబెడితే తొక్క ఊడొస్తుంది. ఇన్నాళ్లూ కాయకు నీళ్లు మోసిన నాళాలే లోపల వలలా అల్లుకుని ఉంటాయి. ఒళ్లు రుద్దుకునే పీచు అదే. (మామూలు బీరకాయకూ పీచు ఉంది గానీ తొక్క వదలడానికి మొండికేస్తుంది. అందరూ పదవికి పనికిరారు.)

విదేశీ అనుభవం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఓడల ఆవిరి ఇంజన్లలో నీటిలోని నూనెను వడకట్టడానికి ఈ పీచే వాడేవారు. అమెరికాకు ఎక్కువగా జపాన్ నుంచే వచ్చేది. యుద్ధంతో ఆ సరఫరా కాస్తా ఆగిపోయింది. మనం పెంట మీద పారేసేదాని కోసం అక్కడ నౌకాదళం టెన్షన్ పడింది.

ఇక పదవీకాలం. తడిగా వేలాడే పీచులో క్రిములు చేరతాయి కాబట్టి మూడు నాలుగు వారాలకోసారి మార్చమని చర్మవైద్యులు చెబుతారు. మన ఇళ్లలో వింటారా? ఒళ్లు రుద్దడం అయ్యాక అంట్లగిన్నెలకు, అక్కడి నుంచి స్కూటర్ చక్రాలకు ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్. చివరికి తోటకూర మడిలో వేస్తే మారు మాట్లాడకుండా మట్టిలో కలిసిపోతుంది. అంత తేలిగ్గా కుర్చీ ఖాళీ చేసిన సలహాదారు ఎవరైనా ఉంటే చూపించండి, వచ్చే వ్యాసం ఆయన మీదే రాస్తాను.