తప్పు కాగితానిదా, స్టోర్ రూమ్‌దా?

విశాఖలో నేను పనిచేసే ప్రభుత్వరంగ ఆఫీసులో వానాకాలం మొదట్లో రీసైకిల్డ్ పేపర్ తెప్పించారు. రెండు నెలలు తిరక్కుండానే ఆపేశారు. ప్రింటర్‌లో ఇరుక్కుపోతోంది, దుమ్ము రాలుతోంది, పైగా రంగు చూస్తే పాత కాగితంలా ఉందని రాసి ఫైలు మూసేశారు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ కాగితాన్ని ఎక్కడ ఉంచారో నేను చూశాను.

స్టోర్ రూమ్‌లో సముద్రం వైపు గోడకి ఆనించి, రీములన్నీ (ఐదొందల కాగితాల కట్టలు) ఉత్త నేల మీదే పేర్చారు. గోడ సున్నం ఉబ్బి రాలుతోంది. అడుగు వరుసలోంచి ఒక రీమ్ తీసి చూస్తే కాగితాల అంచులు అలల్లా లేచి ఉన్నాయి, ముట్టుకుంటే మెత్తగా, చల్లగా తగిలాయి. సెక్షన్లకి పంచడం తేలికని కవర్లు కూడా ముందే చింపి పెట్టేవాళ్లు. ఆ కవర్‌కి లోపల పూత వేసేదే తేమ చేరకుండా. అది తీసేశాక వైజాగ్ గాలికి ఏ కాగితమైనా తేమ పీల్చి ఒంపు తిరుగుతుంది. అంతకు ముందు ఏడాది తెల్లటి కొత్త కాగితం కూడా అదే మెషీన్‌లో ఇరుక్కుంది. అప్పుడు మెకానిక్‌ని పిలిచాం, ఈసారి కాగితాన్ని తిట్టాం.

రీసైకిల్డ్‌లో లోపమే లేదని నేననను. పీచు గుజ్జయిన ప్రతిసారీ కాస్త పొట్టిదవుతుంది, ఐదు నుంచి ఏడుసార్లకు మించి పనికిరాదు, అందుకే నాసిరకం సరుకు దుమ్ము రాలుస్తుంది. టెండర్‌లో "రీసైకిల్డ్, ఏ4, 75 జీఎస్ఎం" (అంటే చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) అని ఒక్క ముక్క రాసి, అందరికన్నా తక్కువ రేటు వేసినవాళ్లకి ఇచ్చేస్తే నాసిరకం రాక ఏమొస్తుంది? కాపీయర్ కాగితానికి ఐఎస్ 14490 అనే ప్రమాణం ఉంది, పర్యావరణానికి హాని తక్కువ చేసే సరుకుకి ప్రభుత్వం ఇచ్చే ఎకోమార్క్ ముద్ర 1991 నుంచీ ఉంది. అవి అడిగి, పది రీములు మన మెషీన్లలోనే వేసి చూసుకోవడానికి వారం చాలు.

"చెట్లను కాపాడదాం" అన్న మాట దగ్గర కూడా నిజాయితీగా ఉండాలి. మన ఆంధ్రలో మిల్లులకి వెళ్లే కర్ర ఎక్కువగా రైతులు పొలాల్లో పెంచే సరుగుడు, సుబాబుల్, జామాయిలే. అసలు లాభం వేరే చోట ఉంది. కర్రని రసాయనాల్లో ఉడికిస్తే బరువులో సుమారు సగమే గుజ్జుగా చేతికొస్తుంది, దాని కోసం బోలెడు నీళ్లు, ఆవిరి ఖర్చవుతాయి. పాత కాగితానికి సిరా తీసే పని ఉన్నా ఆ ఉడికింపు తప్పుతుంది. కానీ ఆ పాత కాగితం మిల్లుకి చేరాలి కదా! మన చిత్తుకాగితాలు టీ కప్పులతో, టిఫిన్ పొట్లాలతో ఒకే బుట్టలో పడుతున్నాయి, చివరికి వెళ్లేది కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి. నూనె అంటిన కాగితం ఏ మిల్లుకీ అక్కర్లేదు. ప్రతి సెక్షన్‌లో కాగితానికి విడిగా ఒక అట్టపెట్టె పెట్టడానికి ఏ టెండరూ పిలవనక్కర్లేదు.

సర్వీస్ రిజిస్టర్లు, ఏళ్ల తరబడి దాచాల్సిన రికార్డులు మంచి కాగితం మీదే ఉండనివ్వండి. డ్రాఫ్టులు, ఇండెంట్లు, మీటింగ్ కాపీలు నెల తిరక్కుండా చిత్తయిపోయేవే, వాటికి అంత తెలుపు దేనికి? ఆ ఫైలు మళ్లీ తెరవమని నేను నోట్ పెట్టాను. అందులో ముందుగా అడిగింది గోడకి దూరంగా, నేలకి జానెడు ఎత్తున ర్యాకులు. ఆ తర్వాత, కవర్ వాడే రోజే చింపాలని స్టోర్‌కి ఒక సర్క్యులర్. రీములు తెప్పించమన్నది మూడో పేరాలో.