బెంగళూరు తెలుగువాళ్లు ఒక సమూహమేనా?

2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకున్నవారు సుమారు 35 లక్షల మంది, అంటే రాష్ట్ర జనాభాలో 6 శాతానికి కాస్త తక్కువ. ఎన్నికల వేళ ఈ అంకెకు ఎక్కడలేని గిరాకీ వస్తుంది. బెంగళూరులో ప్రచారానికి ఆంధ్ర, తెలంగాణల నుంచి నాయకులను రప్పించడం పార్టీలకు అలవాటైపోయింది. ‘బెంగళూరు తెలుగువాళ్లు’ అనే సమూహం ఒకటి ఉందనీ, దానికి ఒకే మనసు, ఒకే ఓటు ఉన్నాయనీ ఈ హడావుడి వెనుక ఉన్న నమ్మకం. దాన్ని ప్రశ్నించడానికి కావలసిన సరంజామా సమాజశాస్త్రం మొదటి పాఠాల్లోనే ఉంది. ఆ పాఠాలను మనం గ్రూప్స్ పరీక్షల కోసం బట్టీపట్టి అక్కడే వదిలేస్తున్నాం.

ఏదో ఒక లక్షణం ఉమ్మడిగా ఉన్నవారందరినీ కలిపి లెక్కపెట్టినంత మాత్రాన అది సమూహం కాదని అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ స్పష్టంగా చెప్పాడు. వాళ్ల మధ్య ఒక పద్ధతిలో సాగే రాకపోకలుండాలి, తాము అందులో సభ్యులమని వాళ్లు అనుకోవాలి, ఇతరులూ అలాగే గుర్తించాలి. బెళ్లందూరు, వర్తూరు చుట్టుపక్కల తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతున్న రెడ్ల కుటుంబాలున్నాయి. ఐటీ ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవారున్నారు. సీమ జిల్లాల నుంచి బేల్దారి పనులకు వచ్చి, కట్టడం జరిగే చోటే రేకుల షెడ్లలో కాపురముండేవారూ ఉన్నారు. జనాభా లెక్కల్లో వీళ్లందరిదీ ఒకటే గడి. నిజానికి మొదటివారిలో చాలామంది రెండోవారికి ఇంటి ఓనర్లు. రెండోవారు ఈఎంఐలు కడుతున్న ఫ్లాట్లకు ఇటుక మోసింది మూడోవారు. వీరి మధ్య సంబంధం లేదని కాదు, అయితే అది అద్దె, కూలి చుట్టూ తిరిగే సంబంధం.

ఇక ప్రాథమిక సమూహం, అంటే ‘మనం’ అనుకునేంత దగ్గరితనం ఉన్నవారి చిన్న సమూహం సంగతి. అమెరికన్ సమాజశాస్త్రవేత్త చార్లెస్ హోర్టన్ కూలీ 1909లో ఈ భావనను ప్రతిపాదించినప్పుడు కుటుంబాన్ని, పిల్లల ఆటల జట్టును, ఇరుగుపొరుగును ఉదాహరణలుగా చూపించాడు. ఏదో ఒక పని కోసమే కలిసే ద్వితీయ సమూహం అనే జోడీ ఆయన తర్వాతివారు చేర్చినదే. పాఠ్యపుస్తకాలు ‘ముఖాముఖి సంబంధం’ అన్న లక్షణాన్ని పట్టుకుని మిగిలినదాన్ని వదిలేశాయి. మారతహళ్లిలో తెలుగువాళ్లు నడిపే ఏ పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్‌కు వెళ్లినా ఇందులోని లోపం కనబడుతుంది. మూడు మంచాల గదిలో మూడు బీరువాలు, మూడు తాళాలు, ఒకటే గీజరు. కింద భోజనాల గదిలో పప్పు, ఆవకాయ, ఆదివారం చికెన్. రోజూ ముఖముఖాలు చూసుకుంటారు, ‘బావా’ అని, ‘మామా’ అని పిలుచుకుంటారు. కానీ ఒకరు ఖాళీ చేసిన వారానికి ఆ మంచం మీదికి ఇంకొకరు వస్తారు, గది ఎప్పటిలాగే నడుస్తుంది. పక్క మంచానికి ఎవరో ఒకరు కావాలి, ఫలానావాడే కావాలన్న పట్టింపు లేదు. దగ్గరగా ఉండటం, తక్కువమంది కావడం, ఎక్కువకాలం సాగడం అనే మూడు పరిస్థితులు ప్రాథమిక సంబంధాలు పుట్టడానికి వీలు కల్పిస్తాయని మరో సమాజశాస్త్రవేత్త కింగ్స్లీ డేవిస్ అన్నాడు. పీజీలో మొదటి రెండూ పుష్కలం, మూడోదే కరవు. డెంగీ వచ్చిన రూమ్మేటు పక్కన నాలుగు రాత్రులు ఆసుపత్రిలో కూర్చున్నవాడి విషయం వేరు. ఆ ఇద్దరి మధ్య సంబంధం అక్కణ్నుంచి మరో తరగతికి మారుతుంది, గదీ మంచాలూ మాత్రం అవే.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ చీటీ. 20 మంది, నెలకు తలా 5 వేలు, లక్ష రూపాయల చీటీ అనుకుందాం. అవసరమున్నవారు 20 వేలు వదులుకుని 80 వేలకు పాడుకుంటే, ఆ 20 వేలూ అందరికీ వెయ్యి చొప్పున తగ్గుతాయి. లక్ష్యం స్పష్టం, గడువు స్పష్టం, పని పూర్తికాగానే సమూహం రద్దు: ద్వితీయ సమూహానికి ఇంతకంటే చక్కని నమూనా దొరకదు. అయినా ఆఫీసు స్నేహితుల మధ్య, అపార్టుమెంటు మహిళల మధ్య నడిచే చీటీల్లో చాలావాటికి రిజిస్ట్రేషన్ ఉండదు, కాగితం ఉండదు. కొత్తవారిని చేర్చుకునేటప్పుడు నిర్వాహకురాలు అడిగేది జీతం స్లిప్పు కాదు, ‘మీదే ఊరమ్మా, ఎవరి తాలూకు?’ అని. ఒప్పందం భారమంతా పరిచయం మీద మోపడం వల్లనే, చీటీ పాడుకున్నవాడు ఎగ్గొట్టిన రోజున డబ్బుతో పాటు చుట్టరికాలూ తెగిపోతాయి. ప్రాథమికం, ద్వితీయం అంటూ మనం గీసిన గీత ఇక్కడ ఒకే సమూహం మధ్యగా పోతోంది.

‘మనవాళ్లు’, ‘పరాయివాళ్లు’ అనే విభజనను అమెరికన్ సమాజశాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్ 1906లో సిద్ధాంతీకరించాడు. బయటివారితో వైరం పెరిగేకొద్దీ లోపలివారి మధ్య ఐక్యత పెరుగుతుందన్నది ఆయన వాదన. కన్నడ భాష మీద వివాదం రేగిన వారంలో ఆ మాట నిజమే అనిపిస్తుంది. సీమ, కోస్తా, తెలంగాణ అన్న తేడాలు పక్కకు పోయి అందరూ తెలుగువాళ్లవుతారు. కానీ కార్తీకమాసం రాగానే వనభోజనాలకు ఎవరి కులం వాట్సాప్ గ్రూపులో వారికే పిలుపులు వస్తాయి. ఉగాదికి ఒక్క వేదిక మీద పంచాంగశ్రవణం విన్నవారే ఏ ఉసిరిచెట్టు కిందికి ఎవరు వెళ్లాలో అడగకుండానే తెలుసుకుంటారు. అక్కడ ఎదుటి పక్షమంటూ ఎవరూ లేరు, వైరమూ లేదు, అయినా గీత మాత్రం చెక్కుచెదరదు. సమ్నర్ చెప్పిన వైరం కంటే పెళ్లి సంబంధాలే ఈ గీతను కాపాడుతున్నాయని నా అభిప్రాయం.

ఉద్యోగాల విషయంలో బలహీన బంధాలదే, అంటే అంతంతమాత్రపు పరిచయాలదే బలమని సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసింది ఐటీ రిఫరల్స్‌కు సరిగ్గా సరిపోతుంది. ప్రాణస్నేహితుడి కంటే ఎప్పుడో కలిసిన కాలేజీ సీనియరే పనికొస్తాడు. అలాగే మనిషి తాను సభ్యుడు కాని సమూహంతో కూడా తనను పోల్చుకుంటాడన్నది నిర్దేశ సమూహ సిద్ధాంతం. వైట్‌ఫీల్డ్ ఇంజనీరు ఊళ్లో తన ఈడువారితో పోల్చుకుంటే సుఖంగా ఉంటాడు, డల్లాస్‌లోని బ్యాచ్‌మేటుతో పోల్చుకుంటాడు కాబట్టే ఉండలేడు.

ఓటు సంగతికి వస్తే, 2024లో బెంగళూరు నగరంలో ఏప్రిల్ 26న, ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగింది. ఒకరి పేరు రెండు చోట్ల ఉండటానికి చట్టం ఒప్పుకోదు గనుక ఎవరైనా ఏదో ఒక ఊరినే ఎంచుకోవాలి. మే రెండో వారంలో బెంగళూరు నుంచి ఆంధ్రకు బస్సులు కిక్కిరిసిపోయాయి. వాటిలో ఎక్కినవారు కర్ణాటక తెలుగు జనాభా లెక్కలో ఉండొచ్చు, వాళ్లను పేరుపెట్టి పిలిచి, వచ్చారో లేదో చూసుకునే సమూహం మాత్రం అనంతపురంలోనో మదనపల్లెలోనో ఉంది. బెంగళూరు అభ్యర్థులు తెలుగు నాయకుల సభలకు వచ్చే జనాన్ని తమ ఓట్లుగా లెక్కవేసుకునే ముందు, వారిలో ఎందరి పేర్లు ఇక్కడి జాబితాలో ఉన్నాయో చూసుకోవడం మేలు.