నెట్ గుడ్డే కదా అక్కా!

ఇప్పుడే షాపు షట్టర్ దించి వచ్చాను. అన్నం కూడా తినలేదు. ముందు ఇది రాసి పడేయాలి, లేకపోతే ఈ రాత్రికి నిద్ర పట్టదు నాకు.

సాయంత్రం ఒకావిడ వచ్చింది, వెంట ఏడేళ్ళ పాప. ఫోన్‌లో ఫొటో చూపించింది. నడుం చుట్టూ పళ్ళెంలా అడ్డంగా నిలబడ్డ తెల్ల స్కర్టు, పైన మెరుపుల బాడీస్. బాలే డాన్సర్లు వేసుకునే టుటు. "యాన్యువల్ డే ఎల్లుండే, అచ్చం ఇలాగే ఉండాలి" అంది. సరేనని టేపు తీసి పాప కొలతలు తీసుకున్నా, నడుము 21 అని పుస్తకంలో రాసుకున్నా కూడా. అప్పుడడిగింది ఎంతవుతుందని. చెప్పాను. ఆవిడ నవ్వింది. బేరం ఆడితే పడతాను, రోజూ పడుతున్నదే. నవ్వింది! "నెట్ గుడ్డే కదా అక్కా, మీటరు 50 రూపాయలు, గంట పని. 600 తీసుకోండి."

గంట పని అట.

మన కుట్టు మిషను వాళ్ళందరికీ తెలుసు ఈ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో. బ్లౌజుకి "రెండు కుట్లే కదా", ఫాల్‌కి "దారమే కదా", లెహంగాకి "మీటర్లకి మీటర్లు గుడ్డ మేమే ఇచ్చాం కదా". గుడ్డ మీరే ఇచ్చారమ్మా, మరి మీరే కప్పుకుని వెళ్ళండి, నా దగ్గరికెందుకు?

నాకు టుటు పిచ్చి ఎలా పట్టిందంటే, 2020లో పెళ్ళిళ్ళు లేవు, ఆర్డర్లు లేవు, రాత్రుళ్ళు ఫోన్‌లో వీడియోలు చూడటం తప్ప పనిలేదు. అలా ఒకరోజు టుటు కుట్టేది కనపడింది. ఓస్ ఇంతేనా అనుకుని (అవును, నేను కూడా అనుకున్నా) పాత దోమతెర కత్తిరించి కుట్టాను. తెల్లారేసరికి తోటకూర కాడలా వాలిపోయింది. రెండోది వన్‌టౌన్ నుంచి గట్టి నెట్టు తెచ్చి కుట్టా, ఒక పక్కకి ఒరిగింది. మూడోది నిలబడింది. అదే ఇప్పుడు షాపులో తలకిందులుగా వేలాడుతుంటుంది. వచ్చినవాళ్ళందరూ "ఇదేంటక్కా, గొడుగా?" అంటారు. తలకిందులుగానే పెట్టాలి దాన్ని, మామూలుగా తగిలిస్తే బరువుకి పొరలు జారతాయి. పెద్ద పెద్ద థియేటర్లలో కూడా అలాగే దాస్తారు.

అది నిలబడేది వైరు వల్ల అనుకుంటారు. లోపల సన్న స్టీలు రింగు పెట్టే రకం ఉంది నిజమే, కానీ అసలు మోసేది కింద పొరలు. నేను కుట్టినదానికి 11 వరసలు. అడుగున రెండు మూడంగుళాల వరస, దాని మీద ఇంకొంచెం వెడల్పు, అలా పైకి పోయేకొద్దీ పెరుగుతూ పోవాలి. ఒక్కో వరస మీటర్లకొద్దీ నెట్టు, దాన్ని కుచ్చులు లాగి లాగి లోపలి చెడ్డీకి కుట్టాలి, ఒక్క చోట కుచ్చు దట్టమైతే అక్కడ బుడిపె లేస్తుంది. అయిపోయాక సూది పట్టుకుని పొరకీ పొరకీ మధ్య వదులు వదులుగా టాకాలు వేయాలి. బిగిస్తే స్కర్టు చచ్చిపోతుంది, వదిలేస్తే విడిపోతుంది. మిషను ఆ పని చేయదు, వేలే చేయాలి. గట్టి నెట్టు అంచులకి చూపుడువేలు చర్మం లేచిపోతుంది, రెండు రోజులు పప్పులో చెయ్యి పెడితే మంట. గంట పని!

ఇంకా నవ్వొచ్చేదేంటంటే, అసలు టుటు అనే మాటే ఫ్రాన్స్‌లో చిన్నపిల్లలు పిరుదుల్ని ముద్దుగా అనే మాట నుంచి వచ్చిందంటారు. ఆవిడేమో "టూ... టూ..." అని ఎంత స్టైల్‌గా పలికిందో. చెప్పేద్దామనుకున్నా, పాప ఉంది కదా అని ఊరుకున్నా.

పుట్టుక సంగతి చెప్పనివ్వండి. పద్దెనిమిదో శతాబ్దంలోనే పారిస్‌లో మారీ కమార్గో అనే డాన్సర్, తన పాదాల పని జనానికి కనపడాలని స్కర్టు కాస్త పైకి కత్తిరించింది, చీలమండలు కనపడ్డాయని గగ్గోలు పుట్టింది. (మన దగ్గర ఇప్పటికీ పుడుతుంది, అది వేరే పోస్టు.) తర్వాత 1832 మార్చి 12న, పారిస్ ఒపెరాలో, మారీ టాలియోని అనే డాన్సర్ 'లా సిల్ఫీడ్' అనే బాలే ఆడింది. గాలిలో తేలే దేవకన్య వేషం. తెల్లటి పల్చటి గుడ్డ, గంట ఆకారంలో పిక్కల దాకా దిగే స్కర్టు, మునివేళ్ళ మీద డాన్సు. గ్యాసు దీపాల వెలుగు ఆ తెలుపులోంచి వస్తుంటే మనిషి నేల మీద ఉందో లేదో తెలియనట్టు ఉండేదన్నమాట. ఆ డ్రెస్సు గీసింది ఎజీన్ లామి అనే చిత్రకారుడని పుస్తకాల్లో ఉంటుంది. డాన్సు కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో, అదీ ఉంటుంది. మరి కుట్టినావిడ? ఆ రాత్రి ఎన్ని మీటర్లు కుచ్చు పోసిందో, దీపం దగ్గర కళ్ళు చిట్లించుకుని ఎప్పటిదాకా కూర్చుందో? నేను చదివినవాటిలో పేరు ఎక్కడా కనపడలేదు. గీసినాయన గొప్పవాడు, వేసుకున్నావిడ దేవకన్య, కుట్టినావిడ "గంట పని".

స్కర్టు పొట్టిదవడానికి ఇటలీ నుంచి వచ్చిన డాన్సర్లు కారణం. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి వాళ్ళు వచ్చాక కాళ్ళ విద్య ఎక్కువైంది, పొడుగు స్కర్టు అడ్డం వస్తోంది. 1895లో 'స్వాన్ లేక్' అనే బాలేలో వాళ్ళలో ఒకావిడ, పియరీనా లెన్యానీ, ఒంటికాలి మీద 32 సార్లు చుట్టు తిరిగింది. కాలు కనపడకపోతే ఆ 32 లెక్కపెట్టేదెవరు? అలా పైకి పైకి వెళ్ళి చివరికి పళ్ళెమైంది. అందంగా ఉందని మాత్రమే కాదమ్మా, పని కోసం అలా ఉంది.

అసలు నాకు ఒళ్ళు మండింది ధర దగ్గర కూడా కాదు. వెళ్ళబోతూ అంది, "చివర్లో పిల్లలందరూ దీపాలు పట్టుకుని రౌండ్‌గా తిరుగుతారు అక్కా, భలే ఉంటుంది." నిజం దీపాలేనా అని అడిగా. "అవును, చిన్న ప్రమిదలే, ఏం కాదులే, టీచర్లు ఉంటారుగా." పాలిస్టర్ నెట్టు, పదకొండు పొరలు, పొర పొరకీ మధ్య గాలి, చుట్టూ ఇరవైమంది పిల్లలు, చేతిలో ప్రమిద. మన నెట్టు అంటుకుంటే కాలి బూడిదవ్వదు, కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఒక ముక్క తీసుకుని వంటింట్లో పటకారుతో పట్టుకుని స్టవ్ దగ్గర పెట్టి చూడండి, నల్ల జిగురు చుక్కలు చుక్కలుగా రాలుతుంది. అదీ "ఏం కాదులే".

పారిస్ ఒపెరాలో ఎమ్మా లివ్రీ అని ఒక డాన్సర్ పిల్ల ఉండేది. టాలియోని ముసలితనంలో ముచ్చటపడి దగ్గరికి తీసిన శిష్యురాలు, ఆ పిల్ల కోసమే 1860లో ఒక బాలే కూర్చింది. ఈ గుడ్డలు అంటుకుంటున్నాయని అప్పటికే అక్కడ 1859లో ఒక ఉత్తర్వు ఉంది, స్టేజి బట్టల్ని లవణాల నీళ్ళలో ముంచాలని. ముంచితే గుడ్డ బిరుసెక్కుతుంది, తెలుపు పోతుంది. డాన్సర్లు ఒప్పుకోలేదు. ఎమ్మా కూడా మామూలు స్కర్టుతోనే ఆడతానని కాగితం మీద రాసిచ్చింది. 1862 నవంబర్ 15, రిహార్సల్‌లో తన వంతు కోసం ఎదురు చూస్తూ స్కర్టు దులుపుకుంది. పక్కన గ్యాసు దీపం. ఎనిమిది నెలలు ఆ కాలిన ఒంటితో బతికి, 1863 జులై 26న పోయింది. ఇరవై ఏళ్ళు. కాలగా మిగిలిన ఆ గుడ్డ పేలికలు పారిస్ ఒపెరా మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. అంతకు ముందు 1844లో లండన్‌లో క్లారా వెబ్‌స్టర్ అనే డాన్సర్ కూడా ఇలాగే పోయింది, అదీ స్టేజి మీద దీపమే.

ఇదంతా ఆవిడకి చెప్పాను. "మీరు మరీ టెన్షన్ పెడుతున్నారక్కా" అంది. స్కూల్‌కి ఫోన్ చేసి బ్యాటరీ దీపాలు పెట్టమనండి అన్నా. "అవి ఫొటోలో బాగోవు." బాగోవు! నాకు నోట మాట రాలేదు.

కుట్టేవాళ్ళ పేరు అసలెక్కడా లేదని కాదు. బార్బరా కరీన్స్కా అని ఒకావిడ ఉంది, ఖార్కివ్‌లో పుట్టి చివరికి న్యూయార్క్ చేరింది. 1950లో బాలన్‌షిన్ అనే డాన్సు కూర్చేవాడు ఒక బాలేకి స్టేజి నిండా డాన్సర్లని పెడితే, రింగు టుటులు ఒకదానికొకటి తగిలి వంకర్లు పోతున్నాయి. ఆవిడ రింగు తీసేసింది, పొరలు తగ్గించి మెత్తగా పఫ్ లాగా వాలేట్టు కుట్టింది. ఇప్పటికీ ఆ రకానికి ఆవిడ పేరే. ఇంకో సంగతి, బాడీస్ పక్క ముక్కల్ని ఆవిడ క్రాస్ కట్ చేసింది, అంటే గుడ్డని ఐమూలగా కత్తిరించింది, డాన్సర్ ఊపిరి తీసుకుంటే గుడ్డ సాగేట్టు. క్రాస్ కట్! నేను ఈ బజారులో రోజూ వేసే క్రాస్ కట్టే అది. అది చదివిన రోజు మా ఆయన్ని నిద్ర లేపి మరీ చెప్పాను. ఆయన "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నాడు.

క్రాస్ కట్ అంటే గుర్తొచ్చింది, మా తోడికోడలు గృహప్రవేశానికి కట్టుకున్న పట్టుచీర మీద బ్లౌజు నేను కుట్టిందే, మగ్గం వర్కుతో సహా, పైసా తీసుకోలేదు. అందరూ ఎక్కడ కుట్టించావు అని అడుగుతుంటే హైదరాబాద్‌లో ఏదో డిజైనర్ అని చెప్పింది. నేను రెండడుగుల దూరంలో పాయసం గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నా. తర్వాత వాళ్ళ ఆఫీసు వాళ్ళకి నన్ను పరిచయం చేస్తూ, "మా తోడికోడలు, ఖాళీగా ఉండకుండా ఇంట్లోనే ఏదో కుట్టుకుంటూ ఉంటుంది" అంది. ఏదో! అప్పటికే నా షాపుకి అద్దె కడుతున్నా, ఇద్దరమ్మాయిలకి జీతాలిస్తున్నా. ఆరేళ్ళయింది, ఆ "ఏదో" ఇంకా అరగలేదు నాకు. మొన్న మళ్ళీ పండక్కి బ్లౌజు పంపింది, కొరియర్‌లో, పాత కొలతలే అంటూ. మనిషి మాత్రం పాత కొలతల్లో లేదు.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు, నాది తోడికోడలి మీద కోపం టుటు మీద పడిందేమో, ఏమో. కానీ ఆ 600 మాట మాత్రం చాలా కాలం గుర్తుంటుంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. వాళ్ళమ్మ నాతో వాదిస్తున్నంతసేపూ ఆ పాప కింద పడ్డ నెట్టు ముక్క ఒకటి తీసుకుని గౌను మీద నడుం చుట్టూ పట్టుకుని, ట్రయల్ అద్దం ముందు మెల్లగా తిరుగుతోంది. చేతులు పైకెత్తలేదు ఏమీ లేదు, ఊరికే తిరిగి, ఆ గుడ్డ లేవడం చూసుకుని, మళ్ళీ ఇటు తిరిగి. నేను చూస్తున్నానని తెలిసి ఆగిపోయింది. వాళ్ళమ్మ "చెత్త అది, పడెయ్" అని లాగేసింది. వెళ్ళేటప్పుడు పాప తలకిందులుగా వేలాడుతున్న నా టుటు వైపు వెనక్కి తిరిగి చూస్తూనే మెట్లు దిగింది.

ఇప్పుడే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "750 ఫైనల్ అక్కా." చూశాను, జవాబు ఇవ్వలేదు. కొలతల పుస్తకంలో నడుము 21 అలాగే ఉంది, కొట్టేద్దామనుకున్నా, పెన్ను కనపడలేదు.