నా గడిలో సున్నా

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. కోపం ఇంకా దిగలేదు.

ఇక్కడ అమెరికాలో మా ట్యాక్స్ చూసే ఆయన ఫోన్ చేసి, "మేడమ్, డేకేర్ క్రెడిట్ మీకు రాదండీ, మీకు సంపాదన లేదు కదా" అన్నారు. డేకేర్ ఖర్చులో కొంత మా పన్నులోంచి తగ్గించేదే ఈ క్రెడిట్. దానికోసం ఏడాది పొడుగునా రశీదులు కవర్లో దాచాను. డేకేర్ వాళ్ల ట్యాక్స్ నంబర్ కూడా అడిగి రాయించుకున్నాను. తీరా చూస్తే ఆ క్రెడిట్ కోసం నింపే ఫారం 2441లో మూడు అంకెలు వేయాలి. ఒక పాపకి లెక్కలోకి తీసుకునే ఖర్చు 3,000 డాలర్లు, మా ఆయన సంపాదన, నా సంపాదన. మూడింట్లో ఏది తక్కువైతే క్రెడిట్ దాని మీదే. నా గడిలో సున్నా, కాబట్టి అంతా సున్నా. మా రాష్ట్రం న్యూజెర్సీ ఇచ్చేది ఫెడరల్, అంటే కేంద్రం ఇచ్చే, క్రెడిట్‌లో కొంత శాతం, అక్కడ లేకపోతే ఇక్కడా లేదు.

నేను పని చేయనని కూర్చోలేదండీ. చేయకూడదన్నారు. హెచ్-4 మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసే ఆయన భార్యగా ఇచ్చే వీసా మీద వచ్చాను. మా ఆయన ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అవగానే ఈఏడీకి, అంటే పని చేయడానికి అనుమతి ఇచ్చే కార్డుకి అప్లై చేశాను. ఇంటర్వ్యూలు ఇస్తూనే ఉన్నాను, అందరూ "కార్డు రాగానే చెప్పండి" అంటారు. ఇంట్లోనే ఉంటూ పాపని డేకేర్‌లో ఎందుకు వేశావని అడిగేవాళ్లు ఒక్కసారి వెయిటింగ్ లిస్టులు చూడండి. కార్డు వచ్చిన రోజు సీటు ఎవరిస్తారు? ఉద్యోగం వెతుక్కునేటప్పటి ఖర్చు కూడా లెక్కలోకే వస్తుందని రూల్ ఉంది. కానీ ఆ ఏడాదిలో ఒక్క డాలరైనా సంపాదించకపోతే ఆ రూల్ ఉండీ లేనట్టే.

నన్ను ఎక్కువగా కాల్చింది ఇది. నేను ఫీజు కట్టి కాలేజీలో ఫుల్ టైమ్ చేరి ఉంటే, చదివిన ప్రతి నెలా 250 డాలర్లు సంపాదించినట్టే రాసుకోవచ్చు. చదువుకునే భార్యకి లేని జీతం ఉన్నట్టు అనుకోగలరు. మీరే పని చేయొద్దని ఆపిన భార్యకి మాత్రం అనుకోలేరా?

పోనీ విడివిడిగా ఫైల్ చేద్దామంటే, ఒకే ఇంట్లో ఉంటున్నాం కాబట్టి ఈ క్రెడిట్ అలా కూడా రాదు. రాష్ట్రం ఇచ్చే చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ సంగతీ అంతే. ఆరేళ్లు నిండని పిల్లకి 1,000 డాలర్ల దాకా ఇస్తారు, ఆదాయం 80,000 దాటితే ఏమీ రాదు. ఒక్కరు ఫైల్ చేసినా ఇద్దరు కలిసి చేసినా హద్దు అదే. ఆదాయం చూసేటప్పుడు ఇద్దరం ఒకటి, ఇవ్వాల్సి వచ్చేసరికి నేను లేను.

హైదరాబాద్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. నా పాన్, నా రిటర్న్, నా రీఫండ్. పెళ్లయ్యాక కూడా నా లెక్క నాదే. ఇక్కడికి వచ్చాక ప్రతి కాగితంలో నేను ఆయన పక్కన ఒక గడి. మొన్న మా పెద్దత్త ఫోన్‌లో "ఖాళీగానే ఉన్నావుగా, పిల్లని నువ్వే చూసుకోవచ్చుగా" అంది. ఆవిడకి అప్పుడు జవాబు చెప్పలేదు. అత్తా, నేను ఖాళీగా లేను. రోజూ పొద్దున్నే లేచి మొదట చూసేది ఆ కార్డు కేస్ స్టేటస్. ఆ తర్వాతే పాపకి పాలు కలుపుతాను.

రేపు వచ్చి సంతకం పెట్టమన్నారు. జాయింట్ రిటర్న్ కదా, నా సంతకం లేకపోతే చెల్లదట. అందులో తప్పు దొర్లి పన్ను బాకీ పడితే మొత్తం నా దగ్గర కూడా వసూలు చేయొచ్చట.