డేట్ ముందే ఫిక్స్ చేసుకుని ఎస్టిమేట్ అడగడం దేనికి?

ప్రాజెక్ట్ ఎందుకు లేటైందని అడిగితే అందరి దగ్గరా రెడీగా ఉండే జవాబు ఒకటే: టీమ్ సరిగ్గా పనిచేయలేదు. ఈ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చూసినవాటిలో చాలా ప్రాజెక్టులు పని మొదలవ్వకముందే లేటైపోయాయి. డేట్ ఒప్పుకున్న మీటింగులోనే.

ఆ మీటింగ్ ఎలా సాగుతుందో ఆఫీసులో పనిచేసే ఎవరికైనా తెలుసు.

"ఎన్ని రోజులు పడుతుంది?"

"ఓ మూడు వారాలు పట్టొచ్చు సార్."

"మూడు వారాలా? చిన్న పనేగా! రెండు వారాల్లో అవ్వదా?"

"కష్టం సార్... చూస్తాం."

ఆ "చూస్తాం" కాస్తా మీటింగ్ నోట్స్‌లోకి ఎక్కేసరికి ఫలానా తేదీ అయి కూర్చుంటుంది. అక్కణ్ణుంచి పైవాళ్ళ ప్రెజెంటేషన్‌లోకి, అక్కణ్ణుంచి క్లయింట్‌కి వెళ్ళే మెయిల్లోకి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. రెండు వారాలు గడిచాక అదే సార్ అడుగుతారు, "రెండు వారాలని నువ్వేగా చెప్పావ్?" అని. జరిగింది బేరం. దానికి ఎస్టిమేట్ అని పేరు పెట్టుకున్నాం, అంతే.

అలాగని తప్పంతా మేనేజర్లదే అంటే అదీ న్యాయం కాదు. బేరమాడేవాడు లేకపోయినా మన లెక్క తక్కువే వస్తుంది. కెనడాలో కొందరు సైకాలజిస్టులు 1994లో ఒక అధ్యయనం ప్రచురించారు. డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థులను, ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులని అడిగితే దాదాపు 49 అన్నారు. నిజానికి పట్టింది 55 రోజుల పైనే. చెప్పిన టైముకి ముగించినవాళ్ళు మూడో వంతు కూడా లేరు. అక్కడ క్లయింటూ లేడు, బాసూ లేడు. ఎవరి పని వాళ్ళదే. పైగా బాగా భయపడి చెప్పిన అంకె కూడా చాల్లేదు చూడండి. అందుకే "వరస్ట్ కేస్ కూడా లెక్కేశాం సార్" అని ఎవరైనా ధీమాగా అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

ఇలా తక్కువ లెక్క వేసుకోవడానికి ప్లానింగ్ ఫాలసీ అని 1979లోనే పేరు పెట్టారు, సైకాలజిస్టులు డానియెల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ. తమాషా ఏంటంటే, ఆ కానెమనే ఇందులో పడ్డాడు. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లల కోసం ఓ పాఠ్యపుస్తకం తయారుచేసే టీమ్ ఆయనది. ఒకరి మాట ఇంకొకరి మీద పడకుండా, ఎంత టైమ్ పడుతుందో ఎవరికి వారే కాగితం మీద రాయమన్నాడు. అందరూ ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ మధ్యే రాశారు. పాఠ్యప్రణాళికల్లో తలపండిన నిపుణుడు ఒకాయన ఆ టీమ్‌లోనే ఉన్నాడు. ఆయనా అంతే రాశాడు. అప్పుడు కానెమన్ ఆయన్ని ఇంకో ప్రశ్న అడిగాడు: ఇలాంటి పని పెట్టుకున్న వేరే టీములకి ఎంత పట్టింది? ఆయన కాసేపు ఆలోచించి, దాదాపు 40 శాతం టీములు అసలు పూర్తే చేయలేదని, చేసినవాళ్ళకి ఏడు నుంచి పదేళ్ళు పట్టిందని చెప్పాడు. విని కూడా వీళ్ళు పని ఆపలేదు. పుస్తకం ఎనిమిదేళ్ళకి పూర్తయింది. అప్పటికి దాని మీద ఆసక్తి ఎవరికీ మిగల్లేదు, వాడనే లేదు.

ఆ నిపుణుడి దగ్గరే నాకు ఆలోచన ఆగిపోతుంది. అసలు లెక్క ఆయన బుర్రలోనే ఉంది. తన కాగితం మీద అంకె వేసేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు. మన దగ్గరా అంతేగా? ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అనేది ప్రతి టీమ్ ట్రాకర్‌లోనూ ఉంటుంది. ఎస్టిమేట్ వేసే రోజున దాన్ని తెరిచే పుణ్యాత్ముడు ఒక్కడూ ఉండడు. "అది వేరు, ఇది వేరు" అంటాం.

తెరిస్తే ఏం కనిపిస్తుందో చెప్తాను. ఒక ఫారంలో రెండో ఫోన్ నంబరుకి ఖాళీ పెట్టాలి. కోడ్ రాయడం ఒకటిన్నర రోజు. తర్వాత రివ్యూ. చూడాల్సిన సీనియర్ వేరే రిలీజ్‌లో మునిగిపోయి ఉన్నాడు. ఆయన చూసేసరికి టెస్ట్ సర్వర్ యాక్సెస్ గడువు ముగిసింది, దాని కోసం మళ్ళీ ఓ టికెట్, అంటే రిక్వెస్ట్, పెట్టాలి. యాక్సెస్ వచ్చాక టెస్టర్ అడుగుతుంది, "రెండు చోట్లా ఒకే నంబర్ ఇస్తే ఒప్పుకోవాలా?" అని. ఆ నిర్ణయం తీసుకోవాల్సినాయన సెలవులో ఉన్నాడు. చేసింది రెండు రోజుల పని. క్యాలెండర్‌లో రెండు వారాలు పోయాయి. మనం ఎస్టిమేట్ చెప్పేది చేతులు కదిలే టైముకి, అడిగేవాళ్ళకి కావాల్సింది చేతికొచ్చే తేదీ. మధ్యలో ఎదురుచూపులు ఎవరి లెక్కలోనూ ఉండవు.

అయితే అన్నీ డబుల్ చేసి చెప్పేయండి అని సలహా ఇస్తారు కొందరు. నాకు నచ్చదు. నువ్వు డబుల్ చేస్తావని సార్‌కి తెలుసు, అందుకే సగం కోస్తారు. సగం కోస్తారని నీకు తెలుసు, అందుకే మూడింతలు చెప్తావ్. ఇక ఎవరి నోట్లోనూ నిజమైన అంకె ఉండదు.

తేదీ నిజంగానే కదలని సందర్భాలు ఉంటాయి. కొత్త పన్ను నిబంధన ఫలానా రోజు నుంచి అమలైతే అది ఎవరి కోసమూ ఆగదు. అప్పుడు నేరుగా అదే చెప్పండి, ఆ లోపు ఎంత పని అవుతుందో అడగండి. దానికి ఎస్టిమేట్ నాటకం ఎందుకు?

సిడ్నీ ఒపేరా హౌస్ సంగతి చాలామందికి తెలిసిందే. 1963కి, 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లలో అయిపోవాలి. 1973లో, 10 కోట్ల 20 లక్షలకి తేలింది. 1959లో పని మొదలెట్టేనాటికి ఆ పైకప్పు ఎలా కట్టాలో ఇంకా తేలనేలేదు. ఇంజనీర్లు బద్ధకస్తులై కాదు. డిజైన్ పూర్తవ్వకుండానే ప్రభుత్వం తొందరపడింది.

ఇది చదివి నా ఫ్రెండ్ ఒకడు అనే మాట నాకిప్పుడే వినిపిస్తోంది: "నిజం చెప్తే కాంట్రాక్ట్ పక్కోడికి పోతుంది." నిజమే, పోతుంది. అందుకే ఇది చెప్పేవాడి చేతుల్లో కన్నా అడిగేవాడి చేతుల్లో ఎక్కువ ఉంది. బ్రిటన్ ఆర్థిక శాఖ 2003 నుంచి ప్రభుత్వ ప్రాజెక్టుల అంచనాలకి అతి ఆశావాదం కింద కొంత కలిపి లెక్కేయమంటోంది. అంత దూరం వెళ్ళకపోయినా, కొటేషన్ అడిగే కంపెనీలు ఒక కాగితం అదనంగా అడగొచ్చు: మీరు ముగించిన చివరి మూడు ప్రాజెక్టులకి ఇచ్చిన తేదీ, అప్పజెప్పిన తేదీ. ఆ రెండు కాలమ్‌లు నింపడానికి తటపటాయించేవాళ్ళు ఎంత తక్కువ రోజులు కోట్ చేసినా సరే, పక్కన పెట్టేయొచ్చు.